ఏ పనికి ఏ డెస్క్‌టాప్? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు ఎక్కువగా హనుమకొండ, సిరిసిల్ల, జమ్మికుంట, నర్సంపేట వైపు నుంచి వచ్చాయి. చాలామంది “ఇన్ని వేలల్లో మంచి కంప్యూటర్ ఏది?” అనే అడిగారు. ధర ఒక్కటే చెబితే సలహా ఇవ్వడం కుదరదు. దాని మీద రోజూ ఏం పని చేస్తారు, ఎట్లాంటి గదిలో పెడతారు, ఆ గదికి కరెంటు ఎట్లా వస్తుంది? ఇవి కూడా రాస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మిగుల్చుకోవాలో చెప్పగలం.

ప్రశ్న: మావాడు బీకాం కంప్యూటర్స్ చదువుతున్నడు. ట్యాలీ, ఎక్సెల్ నేర్చుకోవాలె. షాపులో “ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, మానిటర్‌తో కలిపి 18 వేలు, అంతా కొత్తదే” అంటున్నరు. ఐ7 ఇంత తక్కువకు వస్తదా? తీసుకోవచ్చా?
(ఒక తండ్రి, హనుమకొండ)

తీసుకోకండి. ఐ7 అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ అది ఏ కాలపు ఐ7 అన్నది మీకు చెప్పలేదు. ఈ ధరకు అమ్మేవి సాధారణంగా ఐ7 2600 లేదా ఐ7 3770. మొదటిది 2011లో, రెండోది 2012లో వచ్చాయి. ఆఫీసులు తీసేసిన పాత మిషన్లలోంచి ప్రాసెసర్ ఊడదీసి, కొత్తగా తయారైన హెచ్61 మదర్‌బోర్డులో బిగించి, మెరిసే లైట్ల క్యాబినెట్‌లో పెట్టి ఇస్తారు. డబ్బా కొత్తది, బోర్డు కొత్తది, లోపలి ప్రాసెసర్‌కు పదేళ్లు ఎప్పుడో దాటాయి.

నష్టం ఎక్కడంటే, ఐ7 2600లో 4 కోర్లు (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు). 2022లో వచ్చిన ఐ3 12100లోనూ సరిగ్గా అన్నే ఉన్నాయి, కానీ ఒక్కో కోరు చేసే పని చాలా ఎక్కువ, తినే కరెంటు తక్కువ. హెచ్61 బోర్డులో సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే దారి) వేగం సెకనుకు 3 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మీరు పెట్టే ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కు బదులు వాడే వేగమైన డిస్క్) సగం వేగంతోనే నడుస్తుంది. ర్యామ్ పాత డీడీఆర్3 రకం, అంటే రేపు కొత్త బోర్డు కొన్నా అందులో పనికిరాదు. విండోస్ 11కు ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో జనరేషన్ (తరం) ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ఆ రెండూ ఇందులో ఉండవు. విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి.

జనరేషన్ తెలుసుకోవడం తేలిక. నాలుగంకెల నంబరైతే మొదటి అంకె, ఐదంకెలైతే మొదటి రెండంకెలు చూడండి. 3770 అంటే మూడోది, 8500 అంటే ఎనిమిదోది, 12100 అంటే పన్నెండోది. షాపులోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ మీద నొక్కితే పూర్తి నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు బిల్లు మీద రాయమనండి. రాయనంటే అక్కడి నుంచి వచ్చేయండి.

ట్యాలీ, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులకు ఐ3 12100, హెచ్610 బోర్డు, 8 జీబీ ర్యామ్, 256 లేదా 512 జీబీ ఎన్‌వీఎంఈ (సాటా కంటే వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ చాలు. గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. నంబరు చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్ మాత్రం తీసుకోవద్దు. అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు పెట్టేదాకా తెర మీద బొమ్మే రాదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అందుకే ఇప్పుడు ఒక 8 జీబీ ముక్క వేసి రెండో స్లాటు ఖాళీగా ఉంచుకోమంటున్నాం.

అయితే మానిటర్‌తో సహా ఇవన్నీ కొత్తవి 18 వేలల్లో రావడం కష్టం. ఆ మొత్తం దాటలేకపోతే, కొత్తదని చెప్పే పాతదాని కంటే పాతదని చెప్పి అమ్మే కంపెనీ మిషనే మేలు. డెల్ ఆప్టిప్లెక్స్ 3060, 5060, హెచ్‌పీ ప్రోడెస్క్ 600 జీ4, లెనోవో థింక్‌సెంటర్ ఎం720 లాంటివి ఎనిమిదో జనరేషన్‌వి. ఐ5 8500 ఉన్నది దొరికితే 6 కోర్లు, పైగా విండోస్ 11 నిక్షేపంగా నడుస్తుంది. కొనేటప్పుడు మూడు చూసుకోండి. క్రిస్టల్ డిస్క్ ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో డిస్క్ ఆరోగ్యం ‘గుడ్’ అని ఉండాలి. డబ్బా ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, మళ్లీ పెట్టినప్పుడు తేదీ, టైము తప్పితే లోపలి బటన్ సెల్ అయిపోయినట్టు. దాని నంబరు సీఆర్2032, తక్కువ ధరకే దొరుకుతుంది, భయం లేదు. ఆన్ చేస్తూ బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి) పోయి చూడండి. అక్కడ పాత ఆఫీసు వాళ్ల పాస్‌వర్డ్ అడిగితే ఆ మిషన్ వద్దు. ఇంకో సంగతి, సన్నగా ఉండే చిన్న మోడళ్లలో సగం ఎత్తు గ్రాఫిక్స్ కార్డే పడుతుంది, పవర్ సప్లై కూడా బజార్లో దొరికే రకం కాదు. ముందుముందు గేములు ఆడే ఆలోచన ఉంటే వాటి జోలికి పోవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి ఇంజినీరింగ్ సీటు వచ్చింది, హాస్టల్లో ఉంటుంది. అదే డబ్బుకు డెస్క్‌టాప్ బలంగా ఉంటుందని బంధువులు అంటున్నారు.
(మంచిర్యాల)

బలంగా ఉండే మాట నిజం. కానీ హాస్టల్ గది మారినప్పుడల్లా, సెలవులకు వచ్చినప్పుడల్లా దాన్ని మోయలేరు, ల్యాబ్‌కు తీసుకుపోలేరు. ల్యాప్‌టాపే కొనండి, 16 జీబీ ర్యామ్‌తో. ఆండ్రాయిడ్ స్టూడియో లాంటివి 8 జీబీలో నత్తనడక నడుస్తాయి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న మోడలైతే తర్వాత పెంచుకోవడం కుదరదు, అది ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మాకు సాంచాలు (మరమగ్గాలు) ఉన్నయి. షెడ్డు పక్క గదిలో లెక్కలకు పెట్టిన కంప్యూటర్ పొద్దున మంచిగనే ఉంటది, మధ్యాహ్నం అరగంటకోసారి దానంతటదే బందైతది. ప్రాసెసర్ పోయింది, కొత్తది కొనుమంటున్నరు.
(సిరిసిల్ల)

కొనే ముందు ఒక్కసారి డబ్బా విప్పి చూడండి. నూలు దుబ్బ కూరుకుపోయి ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతున్నట్టుంది. పైనుంచి చూస్తే ఫ్యాన్ బాగానే తిరుగుతుంటుంది. ఆ ఫ్యాన్ ఎత్తి చూస్తే కింద అల్యూమినియం రెక్కల మీద కంబళి ముక్క పరిచినట్టు బూడిదరంగు పొర కనబడుతుంది. గాలి ఆ పొరను దాటి రెక్కల్లోకి పోదు. పొద్దున గది చల్లగా ఉంటుంది కాబట్టి ఎట్లాగో నెట్టుకొస్తుంది, మధ్యాహ్నం గదే 40 డిగ్రీలు దాటితే ప్రాసెసర్ 100కు చేరి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. జిన్నింగ్ మిల్లుల దగ్గరా, బొగ్గు దుమ్ము లేచే భూపాలపల్లి, గోదావరిఖని ఇళ్లలోనూ ఇదే జరుగుతుంది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ప్లగ్ తీసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. డబ్బాను ఆరుబయటికి తెండి. ఇంటెల్ ఫ్యాన్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ గుబ్బలుంటాయి. వాటిని బాణం గుర్తు చూపిన వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే ఊడివస్తుంది. ఏఎండీ ఏఎం4 (సాకెట్ రకం) ప్రాసెసర్ అయితే జాగ్రత్త. వేడి ఫ్యాన్ వైపు దాటడానికి మధ్యలో పూసే పేస్టు ఎండిపోయి, దానికి అతుక్కుని ప్రాసెసర్ కూడా ఫ్యాన్‌తో పాటు ఊడొచ్చి పిన్నులు వంగిపోతాయి. ముందు పది నిమిషాలు నడిపి, ఆపి, వేడి మీదనే ఫ్యాన్‌ను అటూ ఇటూ కొద్దిగా మెలిపెట్టి అప్పుడు లాగండి.

దుబ్బను మెత్తటి బ్రష్‌తో తీసి బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన బట్టతో తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య చిన్న బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టండి. ఎక్కువ పెడితే లాభం లేదు, పక్కలకు కారుతుంది. నొక్కే ముందే గుబ్బలను తిప్పి మొదటి స్థితికి తెచ్చి, ఒక మూల, దాని ఎదురు మూల, ఆ క్రమంలో నొక్కాలి. నాలుగూ టక్కున పడాలి. చాలా రిపేర్లు ఇక్కడే చెడతాయి. ఒక్క గుబ్బ సరిగా పడకపోయినా ఫ్యాన్ ఒకవైపు లేచి ఉండి వేడి మళ్లీ 100కే పోతుంది. పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. బయటి జాలీలోంచి ఊదితే చాలు.

తర్వాత కోర్ టెంప్ అనే ప్రోగ్రాంలో వేడి చూడండి. ఎండాకాలం ఖాళీగా ఉన్నప్పుడు 40 నుంచి 55, పని మీద 80 వరకు ఉంటే చింత లేదు. వేడి తక్కువే ఉండి కూడా ఆగిపోతుంటే అప్పుడు పవర్ సప్లైని అనుమానించాలి. ఎప్పుడైనా కొత్త క్యాబినెట్ కొంటే ముందు వైపు అద్దం ఉన్నది కాకుండా జాలీ, ఊడదీసి కడిగే ఫిల్టర్ ఉన్నది కొనండి. గాలి లోపలికి లాగే ఫ్యాన్లు రెండు ముందు, బయటికి తోసేది ఒకటి వెనక పెట్టించండి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుబ్బ దూరడం తగ్గుతుంది. డబ్బాను నేల మీద కాకుండా బల్ల మీద పెట్టండి, ఫిల్టర్‌ను వారానికోసారి కడగండి.

ప్రశ్న: పెళ్లిళ్ల వీడియోలు 4కేలో ఎడిట్ చేస్తాం, రెండు కెమెరాలు. ప్రీమియర్, ఎడియస్ రెండూ వాడతాం. పాత సిస్టంలో ప్లే చేస్తే ఆగి ఆగి వస్తోంది. ఎక్కువ డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలా?
(ఫొటో స్టూడియో, జమ్మికుంట)

అంతా దానికే పెట్టకండి. టైమ్‌లైన్ ఆగి ఆగి రావడానికి కారణం ఎక్కువసార్లు కుదించి ఉన్న వీడియో ఫైలును విప్పడంలో వచ్చే బరువు. ముందు మీ కెమెరా ఏ రకంగా రికార్డు చేస్తోందో చూడండి. హెచ్‌ఈవీసీ అనే, ఫైలును బాగా కుదించే పద్ధతిలో 10 బిట్ 4:2:2 (రంగు వివరం ఎక్కువ ఉండే రకం) అయితే, పదకొండో జనరేషన్ నుంచి ఇటువైపు ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ దాన్ని తేలిగ్గా విప్పుతుంది. క్విక్ సింక్ అనేది అదే. ఎన్‌విడియాలో ఆ పని ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి నుంచే మొదలైంది. 3060, 4060 కార్డులకు రాదు. కాబట్టి వెయ్యో రెండు వేలో మిగులుతుందని చివర ‘ఎఫ్’ ఉన్న ప్రాసెసర్ కొంటే మీకు బాగా పనికొచ్చే భాగాన్నే వదులుకున్నట్టు.

మా ఎంపిక ఐ5 14500. ఇందులో 14 కోర్లు, యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్. 14400లో ఉండే యూహెచ్‌డీ 730 కంటే దీనిలో వీడియో విప్పే భాగం రెట్టింపు. 13, 14 జనరేషన్లలో పెద్ద ప్రాసెసర్లకు వోల్టేజీ సమస్య వచ్చి, 2024లో ఇంటెల్ దిద్దుబాటు ఇచ్చింది; ఏది కొన్నా బిగించిన రోజే బయోస్ అప్‌డేట్ చేయించండి. ర్యామ్ 32 జీబీ, రెండు 16 ముక్కలుగా. ఎఫెక్టులు, రంగులు దిద్దడం ఎక్కువైతే 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తు) పవర్ సప్లై. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే పవర్ సప్లైతో గ్రాఫిక్స్ కార్డు నడపొద్దు. మానిటర్ తీగను కార్డుకే పెట్టండి, పైన మదర్‌బోర్డుకు కాదు. అయితే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్‌ను ఆన్‌లో ఉంచాలి. కార్డు పెట్టగానే కొన్ని బోర్డులు దాన్ని ఆపేస్తాయి, క్విక్ సింక్ మాయమవుతుంది. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ 0, జీపీయూ 1 రెండూ కనబడితే సరిగ్గా ఉన్నట్టు.

స్టూడియోల్లో తక్కువ అంచనా వేసేది డిస్కులనే. సెకనుకు 100 మెగాబిట్లతో తీసే 4కే వీడియో గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు ఆరేసి గంటలు నడిస్తే ఒక్క పెళ్లికి 540 జీబీ. అందుకే విండోస్‌కు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, నడుస్తున్న పనికి విడిగా 2 టీబీ ఎన్‌వీఎంఈ, అయిపోయిన పెళ్లిళ్లకు పెద్ద హార్డ్ డిస్కులు. సెకనుకు 150 మెగాబైట్ల హార్డ్ డిస్కుకు ఆ 540 జీబీ ఎక్కాలంటే గంట పడుతుంది. ఎస్‌ఎంఆర్ రకం డిస్కయితే ఇంకా చాలాసేపు; దానిలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, పెద్ద ఫైళ్లు రాస్తున్నకొద్దీ వేగం పడిపోతుంది. ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ రకమని చూసి కొనండి. ఆల్బమ్, వీడియో ఇచ్చి డబ్బు చేతికొచ్చేదాకా ప్రతి పెళ్లీ రెండు వేర్వేరు డిస్కుల్లో ఉండాలి. ఆ ముహూర్తం మళ్లీ షూట్ చేయలేరు.

ప్రశ్న: ఐ3 నాలుగో జనరేషన్, 4 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్. ఆన్ అవడానికే ఐదు నిమిషాలు. పారేయాలా?
(జగిత్యాల)

టైపింగుకు, సినిమాలకు ఇంకా పనికొస్తుంది. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ, ఇంకో 4 జీబీ డీడీఆర్3 ముక్క వేయించండి. విండోస్‌ను కాపీ కొట్టడం కన్నా కొత్తగా ఎక్కించడం మంచిది. విండోస్ 11 దీనికి అధికారికంగా రాదు, విండోస్ 10కు రక్షణ ఆగిపోయింది, కాబట్టి విండోస్‌కు బదులు వాడే ఉచిత లైనక్స్ మింట్ ఎక్కించుకుని వాడండి. విండోస్ 10తోనే నడిపితే బ్యాంకు పనులు మాత్రం దీని మీద చేయకండి.

ప్రశ్న: ఫ్లెక్సీ డిజైన్ చేస్తుంటే ఫోటోషాప్ ‘స్క్రాచ్ డిస్క్ ఫుల్’ అని ఆగిపోతోంది. ర్యామ్ 8 జీబీ. ప్రాసెసర్ మార్చాలా?
(వరంగల్)

ప్రాసెసర్ తప్పేం లేదు. లెక్క చూడండి: 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని 72 రిజల్యూషన్‌లో (అంగుళానికి 72 పిక్సెళ్లు) పెడితే 8640 బై 5184 పిక్సెళ్లు. ప్రింటుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో పూర్తిగా నిండిన ఒక్క లేయరుకే 179 మెగాబైట్లు. అదే 150లో పెడితే నాలుగింతలు దాటి సుమారు 780 మెగాబైట్లు. నాయకుల ఫొటోలు వరసగా పేర్చి, ఇరవై లేయర్లు చేసి, వెనక్కి పోయే హిస్టరీ కూడా కలిపితే 8 జీబీ ఏ మూలకు? అప్పుడు ఫోటోషాప్ డిస్కు మీద రాసుకుంటుంది (ఆ చోటే స్క్రాచ్ డిస్క్), సీ డ్రైవు నిండితే ఆగిపోతుంది. దూరం నుంచి చూసే పెద్ద ఫ్లెక్సీకి 72 చాలు. ర్యామ్ 16 చేయండి, వీలైతే 32. ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌ను కనీసం 100 జీబీ ఖాళీ ఉన్న ఎస్‌ఎస్‌డీకి మార్చండి. మానిటర్ ఐపీఎస్ రకమై ఉండాలి. చవక టీఎన్ తెర మీద తల కాస్త కదిపితే రంగు మారుతుంది, తెర మీద చూసిన కాషాయం ప్రింటులో ఇంకోలా వస్తుంది.

ప్రశ్న: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. కార్డు లేకుండా గేములు ఆడొచ్చన్నారు, కానీ బాగా జర్క్ అవుతున్నాయి.
(కరీంనగర్)

ఒకే ర్యామ్ ముక్క ఉన్నట్టుంది. ఇందులో గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది, ఒక్క ముక్కతో దారి సగమే తెరిచినట్టు. అదే రకం 8 జీబీ ఇంకోటి వేయండి. నాలుగు స్లాట్ల బోర్డయితే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టండి. ఆ తర్వాత ఆన్ చేస్తూ డిలీట్ మీట నొక్కి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయండి. లేకపోతే 3200 ర్యామ్ 2133లోనో 2666లోనో నడుస్తుంటుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో వేగం కనిపిస్తుంది.

ప్రశ్న: క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. ఉరుముల రోజు ఇంటర్నెట్ పోర్టు కూడా కాలిపోయింది. కొత్త సిస్టం కొంటే ఇవి పోతాయా?
(నర్సంపేట దగ్గరి గ్రామం)

పోవు, కొత్తదానికీ ఇవే వస్తాయి. ముందు ఇంటి వైరింగు.

జిల్లుమనడానికి కారణం ఎర్తింగ్ లేకపోవడం. పవర్ సప్లైలో ఫేజ్ నుంచి బాడీకి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి వదిలే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి భూమిలోకి పోవాలి. ఆ తీగ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 దాకా నిలుస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమనడంతో సరిపోతుంది, కానీ పెన్‌డ్రైవ్, ప్రింటర్ పెట్టేటప్పుడు పోర్టులు దెబ్బతింటాయి. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 230 దరిదాపుల్లో, ఫేజ్‌కు ఎర్త్‌కు మధ్య కూడా అంతే, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఎర్త్ కోసం గుంత తీయించి బొగ్గు, ఉప్పు వేయించండి, ఎండాకాలంలో అందులో నీళ్లు పోస్తుండండి. కొందరు సాకెట్‌లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసి “జిల్లుమనడం పోయింది” అంటారు. అట్లా చేయనివ్వద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగితే మొత్తం 230 వోల్టులు డబ్బా మీదికి వస్తాయి, ప్రాణం పోతుంది.

ఇన్వర్టర్ సంగతికి వస్తే, కరెంటు పోయాక పవర్ సప్లై తన లోపలి నిల్వతో సెకనులో అరవయ్యో వంతు, అంటే 16 మిల్లీసెకన్ల దాకా తట్టుకోగలదు. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది; దానిలో పెడితే మారే సమయం తగ్గుతుంది. అది పెట్టినా రీస్టార్ట్ అయితే విడిగా చిన్న యూపీఎస్ కొనండి. 600 వీఏ అని రాసి ఉంటే సాధారణంగా 360 వాట్లే ఇస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేని డెస్క్‌టాప్, మానిటర్ కలిపి 100 వాట్ల అటూఇటూ కాబట్టి అది చాలు. మోటార్లు నడిచే వేళ మీ ఊళ్లో వోల్టేజీ బాగా పడిపోతుంటే పవర్ సప్లై మీది స్టిక్కర్ చూడండి. 200 నుంచి 240 అని ఉంటే తక్కువ వోల్టేజీకి ఆగిపోతుంది. 100 నుంచి 240 అని ఉన్నది కొనండి.

పోర్టు కాలింది స్తంభం మీది నుంచి వచ్చిన ఇంటర్నెట్ తీగ వల్ల. పిడుగు దూరంగా పడినా ఆ రాగి తీగలో వోల్టేజీ ఎగిసిపడుతుంది, ప్లగ్ తీసినా అది లోపలికి వస్తుంది. ఆపరేటర్‌ను ఫైబర్ తీగను ఇంట్లోకే తెమ్మనండి, అందులో కరెంటు పారదు. కాలిన పోర్టు కోసం బోర్డు మార్చాల్సిన పని లేదు, యూఎస్‌బీ లాన్ అడాప్టర్ పెట్టుకుంటే నడుస్తుంది. ఫైబర్ వచ్చేదాకా ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్‌తో పాటు లాన్ తీగ కూడా ఊడదీయండి.